మా ఆయన పదకొండు నెలల పదవి

మా ఆయన ఎమ్మెల్సీ అయిన రోజు పొద్దున మేమిద్దరం తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాం. ఫోను లోపల చార్జింగులో ఉంది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి మోగితే లేచి వెళ్లారు. పార్టీ ఆఫీసు నుంచి ఫోనొచ్చిందంటే ఆయనకు ఒకటే అర్థం. ఎక్కడో మీటింగు ఉంది, షామియానా వేయించాలి. అందుకని అవతలి మనిషి ఎవరో చెప్పగానే, "ఏ ఊళ్లోనండి? కుర్చీలు ఎన్ని వేయించమంటారు?" అని అడిగారు.

ఆ తర్వాత చాలాసేపు "సరేనండి", "అలాగేనండి" అన్న మాటలు తప్ప ఇంకేమీ వినపడలేదు. వచ్చి మళ్లీ నా ఎదురుగా కూర్చున్నారు. ఇంకో కట్ట తీసుకుని నాలుగు కాడలు ఒలిచాక, "నన్ను మండలికి వేశారంట" అన్నారు.

ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. మాటలో తేడా ఉంటే చెవి ఊరుకోదు. సంచీలో ఏదో సరుకు వేసినట్టుగా అన్నారు ఆ మాట. ఏ మండలికి, ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని నేను వరసగా అడుగుతుంటే ఒక్కొక్కటే చెప్పారు. శాసనమండలిలో గవర్నరుగారు నామినేట్ చేసే స్థానం ఒకటి ఖాళీగా ఉంది. అందులో ఉన్న సభ్యుడు చనిపోవడంతో మిగిలిన కాలానికి మరొకరిని తీసుకోవాలి. సహకార రంగంలో పనిచేసిన మనిషి కావాలన్నారట. సంగం జాగర్లమూడి దగ్గర మా అత్తగారి ఊళ్లో సహకార సంఘానికి మా ఆయన చాలా ఏళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు. అలా ఈయన పేరు వెళ్లింది. ఇక ఆ స్థానానికి మిగిలి ఉన్నది పదకొండు నెలలు.

"పోయినాయనది రేపల్లె" అన్నారు చివరికి, ఆకుల వైపే చూస్తూ. నా వైపు ఎందుకు చూడలేదో నాకు తెలుసు.

రేపల్లె ఆయనా మా ఆయనా ఒకే ఏడాది పార్టీలో చేరారు. వయసు కూడా ఇంచుమించు ఒకటే. మొదట్లో మంచి స్నేహం. తెనాలి వస్తే ఆయన భోజనం మా ఇంట్లోనే. నేను పెసరట్టు వేస్తున్నానంటే ప్యాసింజరు బండి వదులుకున్న రోజులు కూడా ఉన్నాయి. తర్వాత ఒక ఎన్నికలో ఇద్దరూ ఒకే టికెట్టు అడిగారు. ఆయనకిచ్చారు. రాజకీయాల్లో అడిగిన ప్రతివాళ్లకూ ఇవ్వరు కాబట్టి అక్కడితో అయిపోవలసిన విషయమే. కాని ఆ రోజు మీటింగులో ఎవరో మా ఆయన పేరు ఎత్తితే, బ్యానర్లు కట్టేవాళ్లందరికీ టికెట్లు ఇచ్చుకుంటూ పోతే ఇక బ్యానర్లు ఎవరు కడతారని రేపల్లె ఆయన అన్నారట. అందరూ నవ్వారట. మా ఆయన ఆ హాల్లోనే వెనక వరసలో నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చి ఆ సంగతి నాకు ఒక్కసారే చెప్పారు. మళ్లీ ఎత్తలేదు. అప్పటి నుంచి పదిహేడేళ్లు వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకే వేదిక మీద ఆ చివర ఆయన, ఈ చివర ఈయన. ఆయన కూతురి పెళ్లికి శుభలేఖ వచ్చినా మేం వెళ్లలేదు. ఆయన గుండెపోటుతో పోయారని తెలిసిన రోజు మాత్రం ఈయన తింటున్న టిఫిన్ వదిలేసి బస్టాండుకు పరిగెత్తారు. రేపల్లెలో జనం వెనక ఎక్కడో నిలబడి చూసి వచ్చారట. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం వద్దన్నారు.

ఇప్పుడు ఆ మనిషి కుర్చీ ఈయనకొచ్చింది.

నాకు సంతోషంగానే ఉంది, ఎందుకు దాచాలి? మధ్యాహ్నం టీవీలో కింద అక్షరాల్లో పేరు పోతుంటే కళ్లజోడు పెట్టుకుని మూడుసార్లు చదివాను. సాయంత్రానికి ఇల్లు జనంతో నిండిపోయింది. మా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఫొటో ఎప్పటిదో, జుట్టంతా నల్లగా ఉంది. మా ఆయన దాన్ని చూసి సిగ్గుపడ్డారు గాని దించమని మాత్రం అనలేదు. గుమ్మానికి పేరు బోర్డు చేయించారు. బిగించాక గేటు దాకా వెళ్లి ఒకసారి, రోడ్డు అవతలికి వెళ్లి ఒకసారి చూసుకున్నారు. నేను కిటికీలోంచి చూస్తున్నానని తెలియక మూడోసారి కూడా వెళ్లారు.

ప్రమాణ స్వీకారానికి ఇంకా నాలుగు రోజులుందనగా, "రేపల్లె వెళ్లొద్దాం, నువ్వూ రా" అన్నారు. రేపల్లె ఆయన భార్యకు చెప్పకుండా ఆ సీట్లో కూర్చోలేనన్నారు. ఫోను చేసి చెప్పవచ్చు కదా అంటే, ఫోనులో చెప్పే మాట కాదన్నారు. ఇంటి ముందు పార్టీవాళ్ల కార్లు రెండు ఉన్నా మేం స్టేషనుకు వెళ్లి ప్యాసింజరు బండి ఎక్కాం. దారి పొడుగునా ఆయన ఏం మాట్లాడాలో లోపల అనుకుంటూనే ఉన్నారు. పెదాలు కదులుతుంటే నాకు తెలుస్తూనే ఉంది.

వాళ్లింట్లో తలుపు ఆవిడే తీశారు. నన్ను వెంటనే గుర్తుపట్టి చేతులు పట్టుకున్నారు. హాల్లో రేపల్లె ఆయన ఫొటోకు దండ వేసి ఉంది. మా ఆయన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దారంతా కూడబలుక్కున్నదంతా మర్చిపోయారు. చివరికి, "ఈ పదవి నేను అడగలేదమ్మా" అని మాత్రం అన్నారు.

"తెలుసండి అన్నయ్యగారూ, కూర్చోండి" అన్నారావిడ. మజ్జిగ తెచ్చిచ్చారు. ఎదురుగా కూర్చుని కొంగు సర్దుకుని చెప్పారు. "ఆయన మీ గురించి మంచిగా మాట్లాడేవారని అబద్ధం చెప్పలేనండి. మాట్లాడేవారు కాదు. మీరూ ఆయన గురించి మాట్లాడి ఉండరు. అది మీ ఇద్దరి గొడవ. ఇప్పుడు నాకో పని ఉంది, అది మీకే చెప్పాలి."

లోపలికి వెళ్లి ఒక పాత పంచెలో కట్టిన మూట తెచ్చి బల్ల మీద పెట్టారు. అన్నీ అర్జీలు. ఒంట్లో బాగోక చివరి అయిదారు నెలలు ఆయన ఎక్కడికీ తిరగలేకపోయారట. జనం మాత్రం ఇంటికొచ్చి కాగితాలు ఇచ్చి వెళుతూనే ఉన్నారట. ఒంట్లో కాస్త బాగుంటే చదువుతానని పక్కన పెట్టించేవారట. చదవలేకపోయారు. ఇప్పుడు ఆ కాగితాలు ఇచ్చినవాళ్లు వచ్చి, మా పని ఏమైందని ఆవిడను అడుగుతున్నారట.

"వాళ్లకు నేనేం చెప్పనండి? ఎవరో ఒకరు ఇవి చదవాలి కదా" అన్నారు.

మా ఆయన ఆ మూట తీసుకున్నారు. బండిలో తెనాలి దాకా ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నారు. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

ఆ రెండు మూడు రోజులు మా ఇల్లు పరీక్ష పేపర్లు దిద్దే గదిలా తయారైంది. మొత్తం నలభై మూడు అర్జీలు. కొన్ని టైపు చేయించినవి, కొన్ని నోటుపుస్తకంలోంచి చింపిన కాగితాలు, ఒకటి పెళ్లి శుభలేఖ వెనక రాసింది. నేను బాపట్లలో పనిచేసినప్పటి అలవాటు కొద్దీ ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొదటి అర్జీలో "గౌరవనీయులైన" అన్న మాటలోనే రెండు తప్పులున్నాయి. నా చెయ్యి దానంతటదే వాటి మీదికి వెళ్లింది. మా ఆయన ఆ పెన్ను మెల్లిగా లాక్కుని తన జేబులో పెట్టుకున్నారు. "టీచరుగారూ, వాళ్లు మార్కుల కోసం రాయలేదు" అన్నారు.

నేను దిద్దవలసింది ఇంకోటి ఉంది. ప్రమాణ పత్రంలో "విధేయత" అనే మాట ఆయన నోట "విదేయత" అవుతోంది. ఒత్తు పలకదు. వంటింట్లో నా వెనకాలే తిరుగుతూ చెప్పించుకున్నారు. నేను పోపు వేస్తూ అనడం, ఆయన అనడం. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆయన నా దగ్గర పాఠం చెప్పించుకోవడం అదే మొదలు. ప్రమాణం చేసిన రోజు ఆ మాట దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగి, ఒత్తు గట్టిగా పలికి, కాగితం మీంచి తలెత్తి నా వైపు చూశారు. ఆ గదిలో ఆ చూపుకు అర్థం నాకొక్కదానికే తెలుసు.

పదవి మొదలైన మర్నాటి నుంచి ఆ నలభై మూడు కాగితాలే ఆయన పని. ప్రతి అర్జీ రాసిన మనిషి దగ్గరికీ స్వయంగా వెళ్లాలని పట్టుబట్టారు. ఆయనకు షుగరు ఉంది, వేళకు తినాలి. అందుకని నేను టిఫిన్ డబ్బా పట్టుకుని వెంట బయల్దేరాను. పార్టీలో కొందరు నవ్వుకున్నారు. పోయినాయన పెండింగు పనులు చేయడానికి కూర్చోబెట్టారా నిన్ను అని ఒకాయన మా ఇంట్లోనే అన్నాడు. "అంతేనండి, ఆ పనే" అన్నారు మా ఆయన. వెటకారమని తెలిసి అన్నారో తెలియక అన్నారో నాకిప్పటికీ తెలియదు.

మొదట వెళ్లింది రేపల్లె దాటి సముద్రం వైపున్న ఒక ఊరికి. అక్కడి పెద్దాయన ఒకరు, అరవై దాటిన రైతు, మురుగు కాలువ గురించి రాశారు. పొలాల్లోని నీరు ఆ కాలువలోంచి సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు ఎదురు రాకుండా కాలువ చివర తూముకు ఇనుప తలుపులు ఉంటాయి. ఆ మూడు తలుపులూ తుప్పు పట్టి పోవడంతో ఉప్పునీరు వెనక్కి ఎక్కి చేలల్లోకి వస్తోంది. ఆ రైతు మమ్మల్ని గట్టు మీదుగా నడిపించుకు వెళ్లి చూపించారు. పక్క పొలం పచ్చగా ఉంటే ఆయన చేనులో మొక్క కొసలు మాడినట్టు ఎర్రగా ఉన్నాయి. మా ఆయన వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. నన్నూ చూడమన్నారు. చూశాను. పచ్చడిలో ఉప్పు రెండోసారి వేసినట్టుంది.

"ఇట్టాంటి నీళ్లతో వరి ఎట్టా పండుద్దండి?" అన్నారా పెద్దాయన. కోపంగా కాదు, మాకేదైనా ఉపాయం తెలుసేమోనని అడిగినట్టుగా.

ఈ సంగతి మండలిలో మాట్లాడాలని మా ఆయన నిర్ణయించుకున్నారు. మూడు నిమిషాలు ఇస్తామన్నారు. ఉపన్యాసం నేనే రాశాను. నాకు తెలిసిన మంచి మాటలన్నీ అందులో పెట్టాను. కృష్ణమ్మ గురించి ఒక పేరా, అన్నదాత గురించి ఒక పేరా. చదివించి చూస్తే సరిగ్గా మూడు నిమిషాలు వచ్చింది. ఆ రోజు నేను సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. ఆయన పేరు పిలిచారు. లేచి, "అధ్యక్షా" అని, నేను రాసిన మొదటి వాక్యం చదివారు. రెండో వాక్యం దగ్గర తడబడ్డారు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తడబడ్డారు.

ఆయన నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. రెండో జేబులోంచి ఇంకో కాగితం తీశారు.

"అధ్యక్షా, నేను గెలిచి రాలేదు. ఒక మనిషి చనిపోతే ఆ ఖాళీలో వచ్చాను. ఆయన దగ్గర చదవకుండా ఉండిపోయిన కాగితం ఇది. ఆయన బతికి ఉంటే ఆయనే చదివేవారు" అన్నారు.

తర్వాత ఆ రైతు అర్జీ తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు చదివారు. అటూ ఇటూ మాట్లాడుకుంటున్నవాళ్లు ఆపి వినడం పైనుంచి నాకు కనిపించింది. ఆ నీళ్లు తాను నోట్లో పోసుకుని చూశానని చెబుతుండగా గంట మోగింది. ముగించమన్నారు. ఆయన వాక్యం మధ్యలోనే కూర్చుండిపోయారు. ఇంకో రెండు మాటలు చెప్పి పూర్తి చేయవచ్చని ఆయనకు తెలియదు. పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

బయటికి వచ్చాక ఆయన ముఖం చూడలేకపోయాను. సగంలో కూర్చున్నానే అని ఒకటే బాధ. నా ఉపన్యాసం చదవనందుకు నేనేమనుకున్నానోనని ఇంకో బాధ. నేనేమీ అనుకోలేదని చెబితే నమ్మలేదు. నిజం చెప్పాలంటే గ్యాలరీలో ఉండగా నాకు కాస్త కష్టంగానే అనిపించింది. రెండు రోజులు పట్టింది ఆ కాగితం బీరువాలో పెట్టేయడానికి. కాని ఆ అర్జీ చదువుతున్నప్పుడు ఆయన గొంతు నేను పెళ్లయినప్పటి నుంచి ఎరిగిన గొంతు. నేను రాసింది చదువుతున్నప్పుడు మాత్రం అది ఎవరిదో.

పరిశీలిస్తామన్న మాటను ఆయన వదల్లేదు. వారానికి ఒకసారి ఇంజనీర్ల ఆఫీసుకు వెళ్లి బెంచీ మీద కూర్చునేవారు. ఎమ్మెల్సీ వచ్చి బెంచీ మీద కూర్చుంటే వాళ్లకే ఇబ్బంది. లోపలికి రమ్మంటే, తొందరేం లేదండి, మీ పని కానివ్వండి అనేవారు. ఆయన పదవి కాలంలో మూడు తలుపుల్లో రెండు కొత్తవి బిగించారు. మూడోది అలాగే ఉండిపోయింది.

అన్నిటికంటే తొందరగా తేలిన పని తెనాలిలోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల. కళాయి వేసే సాయిబుగారిది. డెబ్బై దాటినాయన. మా అత్తగారి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసింది కూడా ఆయనే. ఆయనకొచ్చే పింఛను ఆగిపోయింది. వేలిముద్ర తీసుకునే మెషీను మీద ఆయన వేలు ఎన్నిసార్లు పెట్టినా పడటం లేదు. కళాయికి వాడే నవసాగరం పొగకూ నిప్పుల వేడికీ వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. మేం వెళ్లేసరికి రెండు చేతులూ చాపి చూపించారు. వేళ్లు గాజులా నున్నగా ఉన్నాయి.

"ఊరంతటికీ కళాయి వేసినోడినండి. ఊళ్లో నన్నెరగని ఇల్లు లేదు. ఆ మెషీనుకి మాత్రం నేనెవరో తెలియదంట" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని పక్కన నిలబడ్డ ఆయన భార్య నవ్వలేదు.

వేలికి బదులు కంటిపాప చూసి గుర్తుపట్టే పద్ధతి ఒకటుందని మా ఆయనకు అప్పటిదాకా తెలియదు. అడిగి తెలుసుకుని, సాయిబుగారిని రిక్షాలో ఎక్కించుకుని వెళ్లారు. మొదటిసారి కన్నూ పడలేదు. శుక్లం అన్నారు. ఆపరేషన్ చేయించి, కట్టు విప్పాక మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి పడింది. సాయిబుగారు మరుసటి వారం మా ఇంటికొచ్చి, అటక మీదున్న పాత గిన్నెలన్నీ దింపించి, పెరట్లో కూర్చుని కళాయి వేసి వెళ్లారు. వద్దంటే ఊరుకోలేదు. కళ్లు బాగా కనిపిస్తున్నాయని, అంతకు ముందు వేసినవి సరిగ్గా వేయలేదేమోనని ఇప్పుడు అనుమానంగా ఉందని అన్నారు.

అలా తిరుగుతుండగానే తొమ్మిది నెలలు అయిపోయాయి. నలభై మూడింట్లో ఇరవై ఆరో ఇరవై ఏడో తేలాయి. మిగిలినవి ఏదో ఒక బల్ల మీద ఆగి ఉన్నాయి. ఈలోగా ఆయన్ను మళ్లీ ఆరేళ్లకు వేస్తారని పార్టీలో మాటొచ్చింది. పెద్దవాళ్లు కూడా సూచనగా అన్నారు. మా ఆయన పైకి నాకెందుకులెండి అనేవారు గాని లోపల ఆశ పడ్డారు. ఒకరోజు గడ్డం గీసుకుంటూ అద్దంలో నాతో, ఆరేళ్లుంటే ఆ మూడో తలుపు కూడా వేయించవచ్చు కదా అన్నారు. నేనూ ఆశ పడ్డాను. మండలికి కట్టుకోవడానికని మూడు ఖద్దరు చొక్కాలు కొత్తవి కుట్టించాను.

వేరే ఎవరినో వేశారు. ఆ సంగతి ఫోను చేసి చెప్పినవాళ్లు కూడా లేరు. మధ్యాహ్నం భోజనం చేస్తుండగా టీవీలోనే చూశాం. ఆయన కలుపుకున్న అన్నం పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం కాఫీకి లేపితే లేవలేదు. నేను మంచం మీద పక్కన కూర్చున్నాను. గోడ వైపే చూస్తూ, "బ్యానర్లు కట్టేవాడినే కదా" అన్నారు. ఆ మాట పదిహేడేళ్లు దాటి లోపల అలాగే ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆయన వీపు మీద చెయ్యి వేశాను.

రెండో రోజు పొద్దున నేను లేచేసరికి ఆయన స్నానం చేసి, తేలని అర్జీలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. ఊళ్ల వరసలో పేరుస్తున్నారు. ఏంటి ఇవి మళ్లీ తీశారు, ఇంకా పది రోజులేగా ఉంది అంటే, వీళ్లందరికీ చెప్పి రావాలన్నారు.

"ఏమని?"

"పని కాలేదని."

నాకు కోపమొచ్చింది. పని అయిందని చెప్పడానికి వెళతారు గాని, కాలేదని చెప్పడానికి ఇంటింటికీ ఎవరైనా వెళతారా అన్నాను. తెలిసిపోతుందిలెండి అన్నాను. ఆయన తల ఊపుతూ, "తెలియదు. ఎదురుచూస్తా ఉంటారు. రేపల్లెలో ఆవిడ దగ్గరికొచ్చి అడిగినట్టు రేపు మళ్లీ ఎవరి దగ్గరికో వెళ్లి అడుగుతారు" అన్నారు. టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి లేచాను.

చాలామంది మర్యాదగానే విన్నారు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అయ్యో మీరెందుకండీ ఇంత దూరం అన్నారు. కొందరు వినీ విననట్టు ఊరుకున్నారు. గట్టిగా తిట్టింది ఒక్కరే. సూర్యలంక పక్కన జాలర్ల పల్లెలో ఉండే ఒక ఆడమనిషి. యాభై ఏళ్లుంటాయి, ఆ పల్లెలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్లకు పెద్దలాంటిది. సెలవు రోజుల్లో బీచికి వచ్చే కార్లన్నీ వాళ్లు చేపలు ఆరబోసుకునే ఇసకలోకే వస్తున్నాయని, కాస్త ఎడంగా సిమెంటు గచ్చు ఒకటి వేయించమని వాళ్లడిగారు. సముద్రానికి అంత దగ్గరలో కట్టడాలు కూడదని రూలు చెప్పారు పైవాళ్లు. వేరే చోటు చూపించమంటే ఫైలు అక్కడే ఆగింది.

మా ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. తర్వాత నడుం ఎత్తి నిలబడింది.

"ఈ ముక్క ముందే చెబితే మా దారి మేం చూసుకునేవాళ్లం కదయ్యా. మీరు వేయిస్తారని ఏడాది కూసున్నాం. రెండు వానలకి సరుకంతా పాడైపోయింది" అంది.

మా ఆయన చేతులు జోడించి, "తప్పేనమ్మా. ఆర్నెల్ల కిందటే నాకు అనుమానం వచ్చింది. అప్పుడే వచ్చి చెప్పాల్సింది" అన్నారు.

ఆవిడ చేతులకంటిన ఇసక దులుపుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ఎండన పడి వచ్చారు, ఏమైనా తిన్నారా అమ్మా అని అడిగింది. డబ్బా ఉందంటే, అదేంటి, మా ఇంటికొచ్చి డబ్బా తింటారా అంది. వాళ్లింటి అరుగు మీద కూర్చోబెట్టి వేడివేడి అన్నం, చేపల పులుసు పెట్టింది. తింటున్నంతసేపూ మా ఆయన్ను ఇంకా కొంచెం తిడుతూనే ఉంది. ఆయన అవునమ్మా, అవునమ్మా అంటూ రెండోసారి పులుసు వేయించుకున్నారు.

బాపట్ల నుంచి బస్సులో తిరిగి వస్తూ, ఆవిడ తిట్టింది న్యాయమే కదా అన్నారు. న్యాయమేనన్నాను. ఇంకా నాలుగు ఇళ్లున్నాయి అని, కిటికీకి తలానించి నిద్రపోయారు. నిద్రలో ఆయన ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది.

ఆ నాలుగు ఇళ్లకూ వెళ్లాం. ఆఖరిది వేమూరులో. పొలానికి వెళ్లే దారి మీద పడిపోయిన చిన్న కల్వర్టు కట్టించమని రాసినాయన ఇల్లది. మొదట్లో వెళ్లినప్పుడు ఇంటికి తాళం ఉంటే, అర్జీని ఆఫీసులో ఇచ్చి వచ్చేశాం. అప్పటికి పదవి పోయి రెండు రోజులైంది. మా ఆయన గుమ్మంలోనే నిలబడి, క్షమించాలండి, మీ కల్వర్టు పని చేయించలేకపోయాను అని మొదలుపెట్టారు. ఆయన అయోమయంగా చూసి, ఏ కల్వర్టండి అన్నాడు. ఈయన అర్జీ తీసి చూపించారు. ఆయన దాన్ని చదువుకుని తల పట్టుకున్నాడు. ఆ కల్వర్టు చుట్టుపక్కల రైతులే కలిసి పోయిన ఏడాదే కట్టుకున్నారట. మేం అరగంట కిందట దాని మీదుగానే నడిచి వచ్చాం. అర్జీ ఇచ్చిన సంగతే ఆయన మర్చిపోయాడట.

మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఆయనా నవ్వాడు. లోపలి నుంచి వాళ్లావిడ ఏంటో అనుకుని బయటికొచ్చింది. మా ఆయన అరుగు మీద కూర్చుండిపోయి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ, ఆపుకోలేక మళ్లీ మళ్లీ నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వు చూస్తూ నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. వాళ్లావిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.